కదిలితే తెగిపోయే పెళ్లి

మా అక్క మొగుడికి తెలియని సంగతంటూ లేదు. ఈ మాట నేను పాతికేళ్లుగా అంటూనే ఉన్నాను. ఒక్కసారి కూడా మెచ్చుకోలుగా అన్నది లేదు.

తొంభైల చివర్లో బావ మా ఊరి చివర షోళింగనల్లూరులో ఒక కంప్యూటర్ కంపెనీలో పనిచేసేవాడు. ఆ మహాబలిపురం పాతరోడ్డు పొడుగునా అప్పుడప్పుడే అద్దాల భవనాలు లేస్తున్నాయి. ఉద్యోగులను ఇళ్ల దగ్గర ఎక్కించుకొచ్చే వ్యాన్లు చూసుకోవడం, కుర్చీలు, మంచినీళ్ల క్యాన్లు తెప్పించడం ఆయన పని. గౌరవమైన పనే, నేను తక్కువ చేయను. కానీ రాయపురంలో ఉన్న మా ఇంట్లో ఆ వివరం ఎవరికీ పట్టలేదు. కంప్యూటర్లున్న భవనంలోకి రోజూ పోయి వచ్చేవాడికి కంప్యూటర్లు తెలిసే ఉంటాయని మా నాయన నమ్మకం. ఆ నమ్మకాన్ని చెరపాలని బావ ఒక్కనాడూ అనుకోలేదు. గోడగడియారం ఆగిపోయినా, ఫోనులో గరగర వచ్చినా "మాపిళ్లైని అడుగుదాం" అనేవాడు నాయన; తమిళుల మధ్య బతికే తెలుగువాళ్లం, అల్లుణ్ణి వాళ్ల మాటతోనే పిలిచేవాళ్లం. బావ వచ్చి ఆ వస్తువును నాలుగువైపులా తిప్పి చూసి, "లోపల కాంటాక్ట్ పోయుంటాది మామా" అనేవాడు. అది ఏ వస్తువుకైనా సరిపోయే మాట.

మాది వలల దారం, తాళ్లు టోకున అమ్మే కుటుంబం. కింద అంగడి, పైన ఇల్లు. కిటికీ తీస్తే చేపల హార్బరు వాసన, మూస్తే నైలాను కట్టల వాసన. నేను కామర్స్ డిగ్రీ అయ్యాక ఒక ఏడాది కంప్యూటర్ కోర్సు చేసి, ఓడల సరుకు విడిపించే ఆఫీసు ఒకదాంట్లో కాగితాలు తయారుచేసే ఉద్యోగంలో చేరాను. అంటే ఇంట్లో రోజూ కంప్యూటర్ ముందు కూర్చునే మనిషిని నేను ఒక్కదాన్నే. అది ఎవరి కంటికీ ఆనలేదు. చుట్టాలు అడిగితే "దానిది టైపు పని" అనేది మా అమ్మ.

ఆ ఏడు నాయనకు అరవై నిండాయి. మాధవరంలో మా చిన్నాయన ఇంటి దగ్గరే కల్యాణమండపం మాట్లాడి షష్టిపూర్తి చేశారు. అమ్మానాయనలకు మళ్లీ పెళ్లి, మళ్లీ తాళి, మూడొందల మంది భోజనాలు. రాలేకపోయిన మనిషి ఒక్కరే, నాయనను కన్న తల్లి. ఇరవై రోజుల ముందు అవ్వ స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి పంపిస్తే, హాల్లో మంచం వేసి పడుకోబెట్టాం. పెళ్లి వెనక్కి జరుపుదామా అని నాయన నసిగాడు.

"నాకోసరం నిలపొద్దు" అంది అవ్వ. "నాకు నయమయ్యేదాకా నీ అరవై ఆడ్నే నిలబడుంటాయా? వీడియో తీపిస్తారు గదా. ఈడ పడుకోనే చూస్తాలే."

ఆ రోజు పక్కింటావిడను అవ్వకు తోడుపెట్టి అందరం మాధవరం పోయాం.

వీడియో తీసినవాడు గంటన్నర క్యాసెట్ ఇచ్చాడు. అది ఇంటికి రాకముందే బావ దాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. క్యాసెట్ల కాలం పోయింది, రాయపురం గాలికి క్యాసెట్ ఏడాదిలో బూజు పడుతుంది, నేను దీన్ని వీడియో సీడీ డిస్కుల్లో వేయించుకొస్తాను అన్నాడు. పైగా వాటిని నడిపేందుకు సింగపూరు నుంచి ఒక డీవీడీ ప్లేయరు తెప్పించి మామగారికి బహుమతిగా ఇచ్చాడు. వాళ్ల ఆఫీసు మనిషెవరో పోయి వస్తూ తెచ్చిందే అయినా, ఆ కథ చెప్పేటప్పుడు బావే విమానం దిగినట్టుండేది. వెండిరంగులో పలకలాగా ఉండే ఆ పెట్టెను మా టీవీ మీద పెట్టి, దానిమీద అక్క చేత ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పించాడు. గుడ్డ తీయకుండా ఆన్ చేయకూడదని అందరికీ చెప్పాడు.

ఒక ఆదివారం భోజనాలకు చిన్నాయన కుటుంబం మాధవరం నుంచి దిగింది. తినడాలయ్యాక బావ మూడు డిస్కులు బయటికి తీశాడు. మీద నాయన పేరు, అమ్మ పేరు స్కెచ్ పెన్నుతో రాసున్నాయి.

"గంటన్నరకు మూడు డిస్కులా?" అన్నాడు చిన్నాయన.

"ఆమా, మూడే చిన్నమామా. బయట అంగళ్లలో అయితే క్వాలిటీ తగ్గించి ఒకటిన్నర డిస్కులో కుక్కేస్తారు. మా ఆఫీసులో ఒక ఫ్రెండుతో చేపించినా. క్వాలిటీ డబుల్ పెట్టమని నేనే నిలబడి చెప్పినా" అన్నాడు బావ.

అవ్వ తల కింద రెండు దిండ్లు పెట్టి టీవీ కనిపించేలా ఎత్తాం. మొదట పూలరేకులు రాలే బొమ్మలు, పేర్లు వచ్చాయి. విఘ్నేశ్వర పూజ చక్కగా నడిచింది. బావ మీసం కింద నవ్వుకున్నాడు. తర్వాత మేళంవాళ్లు ముందు నడవగా అమ్మానాయనలు మండపంలోకి వస్తున్నారు. బొమ్మ ఆగింది. నాదస్వరం గొంతు పట్టేసిన మేకలాగా ఒక్క చప్పుడు చేసి ఊరుకుంది. నాయన కాలు గాల్లో ఉండిపోయింది. అమ్మ మొహం చదరాలు చదరాలుగా విడిపోయి మళ్లీ అతుక్కుంది. తర్వాత నాయన నాలుగడుగులు ఒకేసారి వేసి పీట దగ్గర తేలాడు. పిన్ని పిల్లలు పడీపడీ నవ్వారు. మొదట అందరం నవ్వాం. రెండో డిస్కులో గట్టిమేళం మొదలయ్యేసరికి నవ్వేవాళ్లు లేరు. నాయన చేతిలో తాళి ఉంది, బొమ్మ ఆగింది. ఎంతసేపు చూసినా అంతే. చివరికి తెర కదిలినప్పుడు తాళి అమ్మ మెడలో ఉంది. కట్టడం మాత్రం ఎవరికీ కనిపించలేదు.

మేమంతా ఆ తాళి కట్టడం మండపంలో కళ్లారా చూసినవాళ్లం. చూడనిది అవ్వ ఒక్కతే. ఆ ముక్క ఆ హాల్లో ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

"కరెంట్ తక్కువ వస్తా ఉంది మామా" అన్నాడు బావ. "ఇది నాజూకు మెషిను. స్టెబిలైజర్ లేకుండా నడపకూడదు."

మరుసటి ఆదివారానికి స్టెబిలైజర్ వచ్చింది. నాదస్వరం అదే చోట గొంతు పట్టేసింది. అప్పుడు తప్పు సముద్రపు గాలిది అయింది. ఉప్పు గాలికి లోపలి లెన్సు మసకబారిందన్నాడు. వచ్చి వారమైన పెట్టె, గుడ్డ కప్పుకుని కూర్చున్న పెట్టె, దానికి మసక. తర్వాత టీవీ పాతదన్నాడు. నాయన కొత్త టీవీకి కూడా సిద్ధపడ్డాడు, అమ్మ అడ్డం పడింది కాబట్టి ఆగింది. ఆ తర్వాత డిస్కు రంగు మంచిది కాదని, అదే పెళ్లిని నీలం డిస్కుల మీద ఒకసారి, బంగారు రంగు డిస్కుల మీద ఒకసారి వేయించుకొచ్చాడు. బంగారు రంగులోనూ నాయన కాలు గాల్లోనే నిలబడింది. ప్రతిసారీ ఆయన మొహంలో ఇంత కూడా సిగ్గు కనిపించేది కాదు. కొత్త కారణం చెప్పేటప్పుడు పాత కారణం ఆయన చెప్పనట్టే ఉండేవాడు. నాయన ప్రతి కారణాన్నీ తలూపి ఒప్పుకునేవాడు. హార్బరులో దారం కొనేవాళ్లు ఒక్క పోగు తక్కువ చెబితే పట్టుకునే మనిషి ఆయన.

చివరికి పెట్టెను రిపేరుకు చూపించమన్నారు. మోసుకుపోయే పని నాది. ఒక శనివారం ఆఫీసు ఒంటిపూట అయ్యాక ఆటోలో ఒళ్లో పెట్టుకుని, ఎలక్ట్రానిక్ సామాన్ల అంగళ్లుండే రిచీ స్ట్రీటుకు పోయాను. గూడులాంటి అంగట్లో మెకానిక్ దాన్ని విప్పి, తన దగ్గరున్న సినిమా డిస్కు ఒకటి వేశాడు. పాట, ఫైటు, అంతా నీళ్లలాగా సాగిపోయింది. "మెషిన్ నల్లా ఇరుక్కు మా" అన్నాడు, యంత్రం బాగానే ఉందని. నేను మా పెళ్లి డిస్కు ఇచ్చాను. నాయన కాలు గాల్లో నిలబడగానే ఆ మనిషే మొహం చిట్లించి, లెన్సు వీకు, మార్చాలి అన్నాడు.

"ఇప్పుడే బాగుందన్నారు గదా" అన్నాను తమిళంలో.

"అది సినిమా డిస్కుకు బాగుంది. మీ డిస్కుకు వీకు" అన్నాడు.

ఇంతకంటే తెలివైన మాట నేను ఆ ఏడాదంతా వినలేదు. నిజానికి అందులో సగం నిజముందని తర్వాత తెలిసింది గానీ, ఆ సగం ఆయనకు తెలిసి చెప్పింది కాదు. లెన్సు మార్చాడు. ఇంటికి తెచ్చి వేస్తే పెళ్లి ఎక్కడ తెగేదో అక్కడే తెగింది. ఆ మధ్యాహ్నం ఎండలో ఆటో కోసం నిలబడి, వీళ్లందరినీ మనసులో తిట్టుకున్నాను. నేను మాత్రం వాళ్లకంటే మెరుగని అనుకున్నాను. కాదు. అది ఇప్పుడు చెబుతాను.

ఈ నెలన్నరలో ఆ డిస్కులను విసుగు లేకుండా చూస్తున్న మనిషి ఒక్కరే ఉన్నారు. రోజూ పగలు భోజనమయ్యాక అవ్వ అమ్మను అడిగి వేయించుకునేది. మంచం దిగడానికి లేదు. పేపరు చదవడం రాదు. తెగినా, ఆగినా, చదరాలైనా అలాగే చూస్తూ పడుకునేది. ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే పిలిచింది.

"అమ్మణ్ణీ, ఇది ఊరికే ఆగడంలా. మనుషులు కదిలితేనే ఆగతా ఉండాది."

"వీడియో అంటే కదలకుండా ఎట్టుంటారవ్వా" అని లోపలికి పోయాను.

రెండు రోజుల తర్వాత మళ్లీ అదే మాట. "అయ్యోరు కూర్చోని మంత్రాలు చెప్పేటప్పుడు ఒక్కతూరి కూడా ఆగలా. నేను చూస్తానే ఉండా."

"నీకు ఇవన్నీ తెలియవు, సుమ్మా ఉండవ్వా" అని ఊరుకోబెట్టాను. ఆ మాటనే బావ నాతో అనుంటే నెల రోజులు మండిపడేదాన్ని.

తర్వాతి వారం నాకు జ్వరం వచ్చి ఇంట్లో ఉండిపోయాను. అవ్వ మంచం పక్కన చాప వేసుకుని పడుకున్నాను. అమ్మ డిస్కు వేసి వంటింట్లోకి పోయింది. అవ్వ తెరవైపే చూస్తూ, నాకు వినపడేలా చెప్పడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు మీ పిన్నమ్మ వస్తాది చూడు, బాగానే వస్తాది. ఒక్కతే గదా. ఇదో, ఇప్పుడు మేళమోళ్లు లేస్తారు. ఆగతాది."

ఆగింది.

"ఇప్పుడు అందురూ కూర్చుంటారు. పోతాది."

పోయింది.

"ఇంక అక్షింతలు. అక్షింతలు పడినాయంటే చచ్చిపోతాది, మళ్లా లేచేదానికి శానాసేపు పడతాది. మొత్తానికి అక్షింతలే దీనికి పడవు."

నేను లేచి కూర్చున్నాను. మూడొందల మంది చేతుల్లోంచి బియ్యపుగింజలు తెర నిండా రాలుతున్నాయి. బొమ్మ బిగుసుకుపోయింది. జ్వరం సంగతి మరిచిపోయి, అవ్వ చెప్పిన చోట్లన్నీ మళ్లీ వేసి చూశాను. ఒక్కటీ తప్పలేదు. కరెంటుకు, ఉప్పుగాలికి, లెన్సుకు మనుషులు కూర్చున్నారో లేచారో ఎలా తెలుస్తుంది? తప్పు పెట్టెలో లేదు, డిస్కు రంగులో లేదు. డిస్కులో నింపినదాంట్లోనే ఉంది.

జ్వరం తగ్గి ఆఫీసుకు పోయిన రోజు మూడు డిస్కులూ వెంట తీసుకుపోయాను. మా ఆఫీసులో పాత కాగితాలు దాచుకోవడానికి సీడీలు రాసే డ్రైవు ఉన్న కంప్యూటర్ ఒకటుండేది. అందులో వేస్తే పెళ్లి తడబడకుండా నడిచింది. బావ ఫ్రెండు కూడా ఇలాగే కంప్యూటర్లో చూసి "బాగుంది" అని ఇచ్చుంటాడు. ఫైలు ఎంత బరువుందో చూశాను. మా వీధిలో అద్దెకిచ్చే సినిమా డిస్కు ఒకటి తెచ్చి దాని బరువూ చూశాను. సినిమా ఒక నిమిషానికి ఎంత చోటు తీసుకుంటుందో, మా నాయన పెళ్లి ఒక నిమిషానికి దానికి రెట్టింపు పైన తీసుకుంటోంది. రెండున్నర గంటల సినిమా మూడు డిస్కుల్లో, గంటన్నర పెళ్లీ మూడు డిస్కుల్లోనే. మొదటి రోజే చిన్నాయన అడిగాడు గదా, గంటన్నరకు మూడు డిస్కులా అని. ఆ ప్రశ్నకు జవాబుగా బావ చెప్పిన గొప్పే ఈ జబ్బు.

ఇంట్లో పెట్టుకునే ప్లేయరు డిస్కును ఒకే నిదానంతో చదువుతుంది. ఆ నిదానానికి తగినంతే బొమ్మను నింపాలని ఒక కొలత ఉంది. మనుషులు కూర్చునుంటే బొమ్మలో మారేది తక్కువ, కాబట్టి ఎక్కువ నింపినా ఎలాగో లాక్కొస్తుంది. అందరూ కదిలితే, బియ్యం రాలితే, ప్రతి గింజనూ కొత్తగా గీయాలి. అప్పుడు కావాల్సినంత అందక ఆగిపోతుంది. కంప్యూటర్ డ్రైవు దానికి ఎన్నో రెట్లు వేగంగా చదువుతుంది కాబట్టి దానికి ఏదైనా ఒకటే. రాసే సాఫ్ట్‌వేరు కూడా ఈ ఫైలు కొలతకు మించి ఉంది, అయినా రాయమంటారా అని అడుగుతుంది. ఆ ఫైలును అందులో పెట్టి చూస్తే నన్నూ అడిగింది. బావ ఫ్రెండు అవునన్న బటన్ నొక్కేసి ఉంటాడు. పక్కన బావ నిలబడి డబుల్ పెట్టమంటుంటే పాపం ఇంకేం చేస్తాడు.

మా మేనేజరును అడిగి, శనివారం ఒంటిపూట అయ్యాక ఆ ఫైళ్లను కొలత ప్రకారం మళ్లీ తయారుచేసే పనికి పెట్టి వచ్చాను. అప్పటి కంప్యూటర్లకు అది పూటలో తెమిలే పని కాదు. సోమవారం ఉదయానికి అయిపోయి ఉంది. భోజనాల వేళ డిస్కుల మీదికి రాశాను. వేగంగా రాస్తే తప్పులు పడతాయని చదివి, ఉన్నవాటిలో అతి తక్కువ వేగం పెట్టాను. గంటన్నర పెళ్లి రెండు డిస్కులకు దిగింది. ఇంటికి వచ్చి బూట్లయినా విప్పకుండా, అంటే నాకు బూట్లెక్కడివి, చెప్పులతోనే హాల్లోకి నడిచి డిస్కు వేశాను. మేళంవాళ్లు లేచారు. ఆగలేదు. అక్షింతలు పడ్డాయి. ఆగలేదు. నేను గెలిచిన మొహంతో అవ్వవైపు తిరిగాను.

"ఆగడంలా" అంది అవ్వ. ఇంకాసేపు చూసింది. "కానీ కుంటతా ఉండాది."

"ఏది కుంటతా ఉండాది?"

"అందురూ. మీ అమ్మ నడస్తా ఉంటే చూడు. నాలుగడుగులు బాగా వేస్తాది, ఒకటి తట్టుకుంటాది."

నాకు కోపం వచ్చింది. వారం రోజులు తల పగలగొట్టుకుని చేస్తే, మంచం మీదున్న మనిషి వంక పెడుతోంది. కానీ కుంటడం గురించి ఆ ఇంట్లో అవ్వకంటే తెలిసినవాళ్లు లేరు. మళ్లీ వేసి అమ్మ నడక చూశాను. నిజమే. కనిపించీ కనిపించని కుదుపు, మళ్లీ మళ్లీ ఒకే ఎడంలో. మరునాడు ఆఫీసులో వెతికితే తప్పు నాదే. మన దేశపు క్యాసెట్టులో సెకనుకు పాతిక బొమ్మలుంటే, నేను అమెరికావాళ్ల లెక్కలో ముప్పై పెట్టాను. లేని ఐదు బొమ్మల కోసం అది ఉన్నవాటినే రెండోసారి చూపిస్తోంది. అందరినీ ఈసడించిన నా పనితనం అది. ఇంకో శనివారం, ఇంకో సోమవారం.

ఈసారి డిస్కు వేసినప్పుడు నేనేమీ అడగలేదు. అవ్వ మేళం చూసింది, అమ్మ నడక చూసింది. ఏమీ అనలేదు. గట్టిమేళం మొదలైంది. తాళి నాయన చేతుల్లో ఉంది. అక్షింతలు వానలాగా పడుతుంటే, వాటి మధ్యలోంచి నాయన వంగి ఒక ముడి వేశాడు. రెండో ముడికి వేళ్లు తడబడ్డాయి. వెనకనుంచి అక్క చేయి వచ్చి దారం సరిచేసింది. మూడో ముడి పడింది.

"ముప్పై ఐదేళ్ల కింద కూడా రెండో ముడికే తడబడినాడు" అంది అవ్వ. "అప్పుడు నేను సర్దినా."

నాయన ఆ వేళకు కింద అంగట్లో ఉన్నాడు. పైకి పిలిస్తే వచ్చి, ఆ ముక్క మళ్లీ వేయించుకుని నిలబడి చూశాడు. చూసి, "ఇప్పుడు బాగుందే, మాపిళ్లైకి చెప్పాల" అని ఫోను దగ్గరికి నడిచాడు.

బావ ఆదివారం వచ్చాడు. ఈసారి కూడా చిన్నాయన వాళ్లను పిలిచారు, నాయనే పిలిచాడు. పెళ్లి మొదటినుంచి చివరిదాకా ఒక్క కుదుపు లేకుండా నడిచింది. బావ సోఫాలో కాలు మీద కాలేసుకుని కూర్చుని, చిన్నాయనతో, "చివరికి సెట్ చేసేసినాం చిన్నమామా. ఈ ఫారిన్ మెషిన్లకు కొంచెం టైం పడతాది" అన్నాడు.

నేను కాఫీ గ్లాసులు అందిస్తున్నాను. చెప్పకూడదనే అనుకున్నాను, నిజంగా.

"మెషిన్‌ది ఏం లేదు బావా. క్వాలిటీ డబుల్ పెట్టమన్నారు గదా మీరు, అది ఈ ప్లేయరుకు ఎక్కువ. అందుకే తెగింది. తగ్గించి రాసినా, బాగైపోయింది. కనుక్కునింది అవ్వ."

అక్క నావైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. బావ కాఫీ ఒక గుక్క తాగాడు.

"అదే పాపా నేనూ అన్నింది" అన్నాడు. "క్వాలిటీలో ఏదో ఉండాదని మొదట్నించీ నాకు అనుమానమే."

చిన్నాయన తలూపాడు. నాయన తలూపాడు. ఆ తలలు ఊగడం చూస్తే, ఈ మనుషులకు ఇంకో పెళ్లి వీడియో తీయించి అదీ తెగేట్టు చేయాలనిపించింది. బావ అవ్వవైపు తిరిగి, "ఏం అవ్వా, నువ్వు కనిపెట్టినావంటనే" అని పిల్లల్ని ఆడించినట్టు అన్నాడు. అవ్వ ఆయన్ను చూడలేదు. తెరమీద భోజనాల బంతి వస్తోంది. పాయసం ఎవరు వడ్డించారని అమ్మను అడుగుతోంది.

అక్కడితో అయిపోతే బాగుండేది. పదిహేను రోజులకు బావ మా ఆఫీసుకు ఫోను చేశాడు. ఇంటికి కాదు, ఆఫీసుకు. గొంతు తగ్గించి మాట్లాడాడు. వాళ్ల పెద్ద మేనేజరు కొడుకు పుట్టినరోజు వీడియోను డిస్కులో వేయిస్తానని మాట ఇచ్చాడట. ఆ కొలతలేవో ఒక కాగితం మీద రాసివ్వగలవా అని అడిగాడు. ఆ ఒక్క నిమిషం నాకు చాలా తృప్తిగా గడిచింది. రాసిచ్చాను. మూడే మూడు లైన్లు, చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యేలా. బొమ్మలు పాతికే పెట్టాలి, నింపేది ఇంతకు మించకూడదు, రాసే వేగం అన్నిటికంటే తక్కువది. "మించకూడదు" కింద రెండు గీతలు గీశాను.

వారం తర్వాత మళ్లీ ఫోను. ఈసారి గొంతు తగ్గించలేదు.

"పాపా, మా మేనేజర్ శానా సంతోషపడినారు. సూపర్ క్వాలిటీ అన్నారు."

"నేను రాసిచ్చిన కొలతే పెట్టినారు గదా?"

"అదే పెట్టినాం. కొంచెం పెంచినా, అంతే."

"ఎంత?"

"డబుల్. ఆయన మేనేజర్ గదా. మన ఇంటి లెక్కే ఆయనకూ పెడితే ఏం బాగుంటాది చెప్పు."

"తెగలేదా?"

"ఎందుకు తెగతాది? ఆయన ప్లేయరు మన దాని మాదిరి కాదు. శానా పెద్దది. ఎంత వేసినా మింగేస్తాది. చూసినావా, నేను మొదట్నించీ చెప్తానే ఉండా, తప్పంతా మెషిన్‌దే అని."

ఫోను పెట్టేశాను. కొన్ని ప్లేయర్లు నిజంగానే ఎక్కువ నింపినా చదివేస్తాయి. మా ఇంట్లోది చదవదు. మాలాంటి ప్లేయరున్న ఇంటికి ఆ డిస్కు ఇచ్చుంటే ఆయన ఒక పాఠం నేర్చుకునేవాడు. అదృష్టం ఆయనకు ఎప్పుడూ పెద్ద మేనేజరు రూపంలోనే వస్తుంది. ఆ దీపావళికి ఆయనకు పైమెట్టు ఉద్యోగం కూడా ఇచ్చారు, వ్యాన్లతో పాటు క్యాంటీను కూడా చూసుకునేందుకు. మా నాయన వీధంతా చెప్పుకున్నాడు, మాపిళ్లైకి కంప్యూటర్లలో ప్రమోషన్ వచ్చిందని.

ఆ ఫోను వచ్చిన సాయంత్రం ఇంటికి పోయేసరికి అవ్వ చేతికర్ర పట్టుకుని మంచం చుట్టూ అడుగులు వేస్తోంది. డాక్టరు నడవమని చెప్పి వారమైంది. పక్కన నడుస్తూ జరిగిందంతా చెప్పాను. కొంచెం ఎక్కువగానే చెప్పుంటాను, బావ గొంతును ఎగతాళి చేస్తూ. అవ్వ ఒక చోట ఆగి ఊపిరి తీసుకుంది.

"ఆ పిల్లోడు కేకు కోసేది బాగా కనపడిందంటనా?"

"కనపడిందంట."

"అయితే సరేలే" అని మళ్లీ అడుగు వేసింది.

నాకు మాత్రం సరిగా లేదు. ఇప్పటికీ లేదు. చేయి పట్టుకుని అవ్వను కిటికీదాకా నడిపించాను. కింద అంగట్లో నాయన ఎవరికో ఫోనులో గట్టిగా చెబుతున్నాడు, వాళ్ల ఇంట్లో మిక్సీ ఆగిపోతే మా మాపిళ్లైని ఒక్కసారి అడగమని.